కుడిపక్క సీటు

రండి, దగ్గరగా వచ్చి కూర్చోండి. చాప ఇంకాస్త ఇటు జరుపుకుంటే ఫ్యాను గాలి తగులుతుంది. కాఫీ తాగుతూ వినండి, చల్లారితే మళ్ళీ కాచి ఇస్తాను. మా ఇంటి కారు సంగతి చెబుతాను. కారు సంగతి అంటే కారు ఒక్కదాని సంగతే కాదు. అందులో నేను కూర్చునే చోటు సంగతి, ఒక సాయంత్రం ఆ చోటు నాకు లేకుండా పోయిన సంగతి.

మాది పుదుచ్చేరి. మా పెద్దలు ఏ కాలంలోనో ఇటు వచ్చి బాహూరు పక్క పొలాలు చేసుకుని నిలబడ్డారు. మా మామగారు మాత్రం టౌనుకు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. నేను కోడలిగా వచ్చిన రోజు ఆ ఇంటి వాకిట్లో మొదట చూసింది మనుషుల్ని కాదు, కారును. అంత పొడుగు కారును నేను అంతకుముందు చూడలేదు. మా ఊళ్ళో వడ్ల బండి, దాన్ని లాగే ఎద్దులు కలిపితే ఎంతో, అది ఒక్కటే అంత ఉంది. రంగు చూస్తే పొద్దు పొడిచే ముందు సముద్రం ఉంటుందే, ఆ లేత పచ్చ. ముందర వరసగా వెండి పళ్ళు. వెనక రెండు పక్కలా చేప రెక్కల్లాంటి రెక్కలు, వాటి కొసల్లో ఎర్ర దీపాలు. పైన కప్పు గుడ్డది. మడిచి వెనక్కి తోస్తే కారంతా ఆకాశానికి తెరుచుకునేది.

అది అమెరికాలో చేసిన కారు. ఫ్రెంచివాళ్ళ కొలువులో వియత్నాంలోని సైగాన్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని ఓడలో ఎక్కించుకుని తెచ్చాడట. ఆయన కాలం చేశాక ఇంట్లో దాని మీద మనసు పెట్టేవాళ్ళు లేక, అది మా మామగారి చేతికి వచ్చింది. ఆయన నాకు ఇట్లా చెప్పేవారు: "ఆ దేశంలో యుద్ధం ఐపోయినాక ఇనుము మిగిలిపోయిందంటమ్మా. తుపాకులు వొద్దు, ట్యాంకులు వొద్దు. ఇంత ఇనుమును ఏం జేసేదని కార్లకు రెక్కలు పెట్టినారంట."

అది నిజమో నవ్వులాటో నాకు తెలియదు. కానీ ఆ కారును తుడిచే పని నాకు వచ్చాక నాకే ఒకటి తోచింది. చావును దగ్గరగా చూసి బయటపడ్డవాళ్ళు పండగ చేసుకుంటే ఎట్లా చేసుకుంటారో, ఆ కారును అట్లా చేశారు. అందులో ఏదీ అవసరానికి తగ్గట్టు లేదు, అన్నీ అవసరాన్ని మించే ఉన్నాయి. ముందు సీటు మా నట్టింటి కూడంలో మంచం అంత వెడల్పు. ముగ్గురం కూర్చున్నా మోచేతులు తగలవు. స్టీరింగు భోజనం పళ్ళెం కంటే పెద్దది, బొటనవేలంత సన్నం. గేరు కడ్డీ కింద కాదు, ఆ స్టీరింగు మెడకే ఉంటుంది. తలుపు వేస్తే భోషాణం మూత పడ్డట్టు ఒక నిండు చప్పుడు. ఆ చప్పుడు వినడానికే వీధి పిల్లలు తలుపు వేస్తామని పోటీ పడేవాళ్ళు. బీచి రోడ్డులో ఆపితే చాలు, బ్యాంకు ఆఫీసర్లు, తెల్లదొరలు, రిక్షావాళ్ళు, ఐస్‌బండి వాళ్ళు అందరూ ఒకే మాదిరి చేయి చాపి, తాకే ముందు ఒక్క క్షణం ఆగేవాళ్ళు. ఆ ఆగడం నాకు భలే ఇష్టం.

మా ఊరి గాలిలో ఉప్పు. ఇనుమును నమిలి తింటుంది. అందుకని ఆ వెండి పళ్ళను నేను మెత్తని విభూతితో రుద్దేదాన్ని, మా అత్త నేర్పినట్టు. ఆయన, అంటే మా ఇంటాయన, ఇంజను పని చూసుకునేవారు. ఇంజను ఆయనది, మెరుపు నాది. అంతకంటే పెద్ద పని ఇంకొకటి నాదిగా ఉండేది.

ఆ కారుకు స్టీరింగు ఎడమ పక్క. మన దేశంలో బళ్ళన్నింటికీ కుడి పక్క కదా. ముందర బస్సు పోతూ ఉంటే, దాన్ని దాటాలంటే రోడ్డు నడిమి నుంచి తొంగి చూడాలి. ఎడమ పక్క కూర్చున్న మనిషికి బస్సు వీపు తప్ప ఏమీ కనబడదు. కుడి పక్క కూర్చున్నవాళ్ళే చూసి చెప్పాలి. మామగారికి మా అత్త చెప్పేది. ఇంకో ఇంట్లో కోడలికి బీరువా తాళాలు ఇస్తారు. స్టీరింగు మా ఇంటాయన చేతికి వచ్చాక మా అత్త నాకు ఆ కుడిపక్క సీటు ఇచ్చింది.

చెప్పడం కూడా నోటితో కాదు. స్టీరింగు పక్క ముందరి పలక, అదే డ్యాష్‌బోర్డు, అంతా ఇనుమే, ఇప్పటి కార్ల మాదిరి ప్లాస్టిక్ కాదు. దాని మీద చేతి గాజుతో ఒక దెబ్బ కొడితే దారి ఉంది, వచ్చేయ్ అని. రెండు కొడితే బ్రేకు పట్టు అని. నోటితో ఎందుకు చెప్పకూడదంటే, ఆ కారు పెళ్ళికొడుకుల కారు. మా పక్క పెళ్ళికి ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకును గుడి నుంచి మండపానికి పై కప్పు లేని కారులో ఊరేగించి తెస్తారు. పెళ్ళికొడుకు పిలుపు అంటాము. బంధువుల్లో, వీధిలో ఎవరింట పెళ్ళయినా మా కారే రావాలి. పెళ్ళికొడుకు కూర్చున్న బండిలో "ఆపు", "నిలుపు" అనే మాట రాకూడదని మా అత్త నాకు మొదటి ఏడే చెప్పింది. "ఆ మాట అన్నామంటే ఆ పిల్లోడి కాపురం ఆడనే నిలిచిపోతాదమ్మా" అంది. నేను నమ్మానా అంటే, నమ్మలేదని చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

చేతిఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న ఏళ్ళు అవి. ఊరేగింపులు కూడా తగ్గిపోయాయి. ట్రాఫిక్ అని, పోలీసు అని, టైము లేదని. అయినా మా మరిది కొడుకు పెళ్ళి కుదిరింది. మాకు పిల్లలు లేరు. వాడు బాహూరులో పుట్టినా మా ఇంట్లో ఉండే చదువుకున్నాడు. చిన్నప్పుడే మా ఇంటాయన ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకుని, "పెద్దనాయనా, నా పెళ్ళికి ఈ కారే, నువ్వే తోలాల" అని ఒట్టు వేయించుకున్నాడు. పెళ్ళికి మండపం దొరికిందో లేదో తెలియక ముందే ఆయన కారుకు బెల్టులు మార్చడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె వైతికుప్పం నుంచి మాకు చేపలు తెచ్చే ఆమె, తట్ట దించి, చేపలు చూపించకుండా నా మొహం చూసింది. ఆమె తమిళంలో అన్నదాన్ని మన మాటలో చెబుతున్నాను; బండిని మాత్రం మా ఊళ్ళో అందరూ వండి అనే అంటారు.

"అక్కా, మీ ఆయనకు మా మీద ఏమన్నా కోపమా?"

"కోపమేంది? ఎందుకే?"

"మొన్న మా కుప్పంలో వండి తిప్పినాడు. ఒడ్డున పెట్టిన మా పడవను రాసుకుంటూ పొయినాడు. మా మొగుడు కేక పెట్టినాడు. మీ ఆయన తల గూడా తిప్పలే. పడవకు ఏం కాలేదులే, పాతదే. కానీ తల తిప్పకపోతే మనసుకు ఒక మాదిరి ఉంటాది గదా."

ఆమెకు ఏదో సర్దిచెప్పి పంపాను. షెడ్డులోకి పోయి చూశాను. కుడి పక్క రెక్క పొడుగునా నీలం పెయింటు గీత. ఆ రోజు నేను కారులో లేను. ఆయన ఒక్కరే బండి ఎట్లా ఉందో చూడడానికి పోయి వచ్చారు. వచ్చి కాళ్ళు కడుక్కుని, "వండి వెన్న మాదిరి పోతా ఉండాది" అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అంటే, తగిలిన సంగతే ఆయనకు తెలియదు.

ఆ పూట అన్నం వండుతూ నేను ఎసరు పెట్టానో లేదో మరిచిపోయి రెండోసారి పెట్టాను. ఆయన కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. కాఫీ గ్లాసు తెచ్చి, ఎప్పుడూ పెట్టే ఎడమ పక్క కాకుండా కుడి పక్క పెట్టి, మాట్లాడకుండా నిలబడ్డాను. ఆయన చేయి ఎడమ పక్క తడిమింది. పేపరు దించారు. ఎదుట చూశారు.

"ఏమ్మే, కాఫీ ఈలేదే?"

"పెట్టినాను గదా."

"యాడ?"

గ్లాసులోంచి పొగ లేస్తూ ఆయన కుడి చెంప పక్కనే ఉంది.

నేను గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎడమ కన్ను మూసుకోమన్నాను. మొదట కసిరారు. తర్వాత మూసుకున్నారు. నా మొహం ఎట్లా ఉందో చెప్పమన్నాను.

"ఉండావు. తెల్లగా ఉండావు. పొగమంచులో మాదిరి." కన్ను తెరిచి, "ఎప్పటి నుంచో నాకే తెలీదు" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన కుడి కన్ను చూడాల్సినదంతా ఇన్నేళ్ళూ ఆ కారులో నేనే చూస్తూ వచ్చాను. వేరే కారైతే ఎప్పుడో ఎవరినైనా గుద్ది తెలిసిపోయేది. ఆ కారులో కుడి పక్క సంగతి నాదే కాబట్టి ఆ కన్ను ఎప్పుడు మసకబడిందో మా ఇద్దరికీ తెలియకుండా పోయింది.

"ఆస్పత్రికి పోదాం, రేపే" అన్నాను.

"పెళ్ళి కానీ. కన్నుకు కత్తి పెట్టినారంటే నెల రోజులు నన్ను వండి తాకనియ్యరు. పిల్లోడికి మాట ఇచ్చినా."

"మరిదికి చెప్తాను. ఇంకొకరు తోలుతారు."

"ఎవరు తోలుతారు? ఎడం పక్క స్టీరింగు, మెడ మీద గేరు, రెండు తొక్కులు తొక్కితే గానీ పట్టని బ్రేకు. ఎవడికి తెలుసు?" గొంతు తగ్గించారు. "నువ్వు పక్కన ఉంటే నాకేం తక్కువ చెప్పు. నడిచే మనిషి కంటే మెల్లగా పొయ్యే దానికి."

అదీ నిజమే అనిపించింది. నేను పక్కన ఉంటాను. నడక కంటే మెల్లగా పోతుంది. అట్లా నాకు నేనే చెప్పుకున్నాను. అయినా పెళ్ళి దాకా ప్రతి రాత్రీ పడుకోగానే ఆ బ్రేకే గుర్తుకొచ్చేది. మొదటి తొక్కు ఉత్తదే. రెండో తొక్కుకు గానీ అంత బరువు బండి నిలబడదు. రెండు తొక్కుల నడుమ అది ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఒక మనిషి అడ్డం పడుకుంటే ఎంతో, అంత.

పిలుపు రోజు మధ్యాహ్నం కారును మా ఇంటి నుంచి గుడి దగ్గరికి తీసుకుపోయాము. కాలువ దాటేటప్పుడు సైకిళ్ళు, మార్కెట్ దగ్గర తట్టలవాళ్ళు, ఆటోలు. నేను గాజు కొడుతూనే ఉన్నాను. రెండు. రెండు. ఒకటి. మళ్ళీ రెండు. గుడి చేరేసరికి నా రవిక వీపు తడిసి అంటుకుపోయింది. ఆయన మాత్రం దిగి, కప్పు మడిచి, బానెట్టును తువ్వాలుతో తుడిచి, "చూసినావా" అన్నట్టు నా వైపు తిరిగారు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నా భయం కూడా మరిచిపోయాను. పొద్దువాటారిన ఎండ ఆ పచ్చ రంగు మీద పడి, ఆ వెండి పళ్ళు, ఆ రెక్కలు, వాటి మీద మల్లెదండలు, సంపెంగలు. పెళ్ళివాళ్ళందరూ మాటలు ఆపి చూశారు.

పెళ్ళికొడుకు వచ్చి వెనక సీటు మీద కూర్చున్నాడు. బంధువుల పిల్లలు ఎక్కడ సందు ఉంటే అక్కడ దూరారు. నేను ముందు తలుపు తీయబోతే పెళ్ళికూతురి మేనమామ అడ్డం వచ్చాడు. మంచి మనిషే, పట్టు ఉత్తరీయం, నోటి నిండా తాంబూలం.

"వదినమ్మా, తప్పుగా అనుకోవద్దు. మా పక్క పద్ధతి. పెళ్ళికూతురి అన్న ముందర కూర్చొని బావను తోడుకుని రావాల."

"నేను నడిమిలో కూర్చుంటాను."

"నడిమిలో వీడియో అతను గదమ్మా. వెనక్కి తిరిగి పిల్లోడిని తీయాల గదా."

చూస్తే వీడియో అతను అప్పటికే ఆ సీటు మీద మోకాళ్ళు వేసి, లైటు బిగించుకుని, వెనక్కి తిరిగి ఉన్నాడు. పెళ్ళికూతురి అన్న నా సీటులో కూర్చుని, స్నేహితులకు చేయి ఊపుతున్నాడు. ఆ పిల్లవాడి చేతికి గాజు లేదు. ఉన్నా ఎన్ని కొట్టాలో తెలియదు. నేను ఏమని చెప్పను? అంతమందిలో, మా ఆయనకు కన్ను కనబడదు అని చెప్పనా? చెబితే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు? చెప్పకపోతే ఆ కారు ముందర నడిచేది అంతా పసిపిల్లలు, ముసలివాళ్ళు.

ఎడమ పక్కకు పోయాను. ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"ఎక్కలేదా?" అన్నారు మెల్లగా.

"చోటు లేదు. ఆ పక్క నడిచొస్తాను. బానెట్టు మీద కొడతాను. వినండి."

ఆయన తల ఊపారు. "ఇంజను పక్కనే ఉండు. యాడికీ పోవద్దు."

మేళం మొదలైంది. కారు కదిలింది. నేను కుడి పక్క, ముందు చక్రానికి సమంగా, బానెట్టు మీద అరచేయి ఆనించి నడిచాను. ఇనుము కాలుతోంది. పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. మా పక్క ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"ఏందక్కా, పాడి ఆవును సంతకు తోలుకుని పోతా ఉండావా?"

"కారు తప్పిపోతాదని చెయ్యి పట్టుకున్నాదిలే!"

నేనూ నవ్వాను. నవ్వు మొహం మీద ఉంచుకుని చూపు నేల మీద ఉంచాను. కారుకు రెండు పక్కలా దీపాల ఆడవాళ్ళు, తల మీద ట్యూబులైట్లు పెట్టుకుని వరసగా నడుస్తారు కదా, వాళ్ళు నడుస్తున్నారు. ఒక తల నుంచి ఇంకో తలకు తీగ, ఆ తీగ కొస వెనక బండి మీద జెనరేటరుకు. మొదటి వీధి దాటాము. పూల అంగళ్ళు దాటాము. అరచేత్తో ఒకటి కొడితే కారు కదులుతోంది, రెండు కొడితే నిలబడుతోంది. ఇట్లాగే మండపం దాకా పోతే చాలు స్వామీ అనుకున్నాను. ఆ వీధి మలుపులో మండపం తోరణం కూడా కనబడింది.

అప్పుడే ఎవరో టపాసుల సరం అంటించారు. జనం రెండు పక్కలకూ తప్పుకున్నారు. మేళగాళ్ళు రెచ్చిపోయి డోలు ఇంకా జోరుగా వాయించారు. పొగ. సరం కాలిపోగానే కారు ముందర దారి ఖాళీగా తెరుచుకుంది. ఆయనకు కనబడే పక్క ఖాళీగా తెరుచుకుంది. నా పక్క, కారు కుడి దీపానికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో, ఒక దీపాల ఆమెకు తీగ కాలికి చుట్టుకుంది. తల మీద లైటును ఒక చేత్తో పట్టుకుని, వంగి, ఇంకో చేత్తో తీగ విడిపించుకుంటోంది.

కారు కదిలింది.

రెండు కొట్టాను. డోలు చప్పుడులో నా చేతి దెబ్బ నాకే వినబడలేదు. మళ్ళీ కొట్టాను, పిడికిలితో. పెళ్ళికూతురి అన్న నా వైపు చూసి, మేళానికి తాళం వేస్తున్నాననుకుని నవ్వి తనూ తలుపు మీద తాళం వేశాడు. ఆయన చూపు నేరుగా, ఎడమగా ఉంది. మొహంలో అనుమానం లేదు.

ఎట్లా పరిగెత్తానో నాకు తెలియదు. ఆ దీపాల ఆమెను దాటుకుని, కారు ముందరి నుంచి అటు పక్కకు, ఆయన కన్ను ఉన్న పక్కకు పోయి, అడ్డంగా నిలబడి రెండు చేతులూ బానెట్టు వైపు చాచి అరిచాను.

"ఆపండీ! ఆపండి!"

మొదటి తొక్కు. కారు నా మీదికే వచ్చింది. రెండో తొక్కు. ముందు భాగం కిందికి వంగి, బంపరు నా మోకాళ్ళకు ఆని నిలిచింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆరిపోయింది. మేళం ఎక్కడిదక్కడ తెగిపోయింది. అంత జనంలో జెనరేటరు చప్పుడు ఒక్కటే.

"ఏమైంది? ఏందిమే?" అన్నారు ఆయన.

"ఆయమ్మ, ముందర. తీగ చుట్టుకుంది."

"ఎవరు? యాడ?"

ఆ దీపాల ఆమె లేచి నిలబడి ఉంది. కారు కుడి దీపానికి జానెడు దూరంలో. తల మీద ట్యూబులైటు భగభగా వెలుగుతోంది, ఆ వెలుగు ఆయన మొహం మీదే పడుతోంది. ఆయన తల ఇటు తిప్పి, అటు తిప్పి వెతుకుతున్నారు. "యాడుండాది?" అని ఇంకోసారి అడిగారు.

ఎవరికీ నేను ఇంక ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మా మరిది తలుపు దగ్గరికి వచ్చి, "అన్నా" అని మాత్రం అన్నాడు.

పెళ్ళికూతురి పక్క ముసలాయన ఒకరు ముందుకు వచ్చారు. "శుభమా అని పిలుపు పోతా ఉంటే పెళ్ళికొడుకు వండి ముందర ఇదేం మాటమ్మా? పెద్దదానివి, నీకు తెలీదా?"

తెలుసు. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాలుక మీద ఆ మాట ఇంకా మండుతూ ఉంది. వెనక సీటు మీద మా పిల్లవాడి మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. వాడే లేచి నిలబడ్డాడు, మెడలో దండతో.

"తాతా, మా పెద్దమ్మ ఆ మాట అనకపోయింటే ఆయమ్మ కాలు పొయ్యేది. అట్లా పొయ్యి నేను తాళి కడితే శుభమా?"

దీపాల ఆమె తీగ దులుపుకుని, "నా కాళ్ళు రెండూ ఉండాయి, చూసుకోండి" అంది. "ఇంక నడవండి స్వామీ. మెడ విరిగిపోతా ఉండాది. ఈ లైటు మీరు మొయ్యలేదు గదా." ఎవరో నవ్వారు. ఇంకెవరో కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ దొరక్క ఒక నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెట్టారు.

"ఇంజను వేసుకో అన్నా, పోదాం" అన్నాడు మరిది. గొంతులో నమ్మకం లేదు.

ఆయన ఇంజను తాళం తిప్పి, తీసి, జేబులో వేసుకున్నారు. "ఇంజను వొద్దు" అన్నారు. "పిల్లోళ్ళందరూ వెనక చేరి తోయండి. వీడియో తమ్ముడూ, నువ్వూ దిగి నడిచి తియ్యి. బాబూ, నువ్వు దిగు. ఆమెను రానియ్యి."

పెళ్ళికూతురి అన్న దిగాడు. నేను ఎక్కి నా చోటులో కూర్చున్నాను. పెళ్ళికొడుకు స్నేహితులు, పెళ్ళికూతురి అన్న, ఆ మేనమామ కూడా పట్టు ఉత్తరీయం నడుముకు బిగించి, ఆ రెక్కల మీద చేతులు వేసి తోశారు. అంత బరువు బండి చప్పుడు లేకుండా, ఒడ్డు వదిలిన పడవలాగ కదిలింది. నేను గాజు కొట్టాను. చిన్నగా కొట్టినా ఇప్పుడు వినబడింది. మండపం దగ్గర దిగాక మా పక్క ఆడవాళ్ళు, "మా పిల్లోడి కారును పిల్లనిచ్చినోళ్ళే తోసినారు చూడండే!" అని ఒకటే ఎగతాళి. అందరూ నవ్వారు. మా ఇంటాయన ఒక్కరు నవ్వలేదు. నేనూ లోపల నవ్వలేదు.

పెళ్ళి బాగా జరిగింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. కొత్త దంపతులు ఏ చిన్న మాట అనుకున్నారని తెలిసినా, ఆ అమ్మాయికి జలుబు చేసినా, నా మాట వల్లే అనుకునేదాన్ని. ఫోను మోగితే ముందు వాళ్ళ ఇంటి నంబరేమో అని చూసేదాన్ని. ఒకసారి ఆ అమ్మాయే అడిగింది, "ఏందత్తా, నన్ను చూస్తే ఎప్పుడూ ఒళ్ళు బాగుందా అనే అడుగుతారు?" అని.

పెళ్ళయిన వారంలోనే కంటి ఆస్పత్రికి పోయాము. నాకు ఉన్న భయం ఒకటే. డాక్టరమ్మ అడిగితే ఈయన ఏమని చెబుతారో. అంతా బాగానే కనబడుతోంది, కాస్త మసక, చుక్కలు రాసివ్వండి అంటారేమోనని. ఆమె దీపం వేసి ఆ కంట్లో చాలాసేపు చూసింది. గోడ మీద అక్షరాలు చూపించింది. ఎడమ కన్ను మూసినప్పుడు ఆయన అన్నింటికంటే పెద్ద అక్షరం కూడా చెప్పలేకపోయారు. ఆమె కుర్చీ వెనక్కి లాక్కుని, "బండి ఏమైనా నడుపుతారా అయ్యా?" అని అడిగింది.

నేను ఆయన వైపు తిరిగాను.

"మానేసినానమ్మా" అన్నారు. "ఈమె రోడ్డు మీద నాకు అడ్డం నిలబడిన రోజే మానేసినా. అప్పుడు రెండో తొక్కు పట్టకపోయింటే..." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి ఆ సంగతి ఆయన నోట మళ్ళీ రాలేదు, నేనూ అడగలేదు.

ఆపరేషన్ చేశారు. పొర తీశారు. వెలుతురు వచ్చింది, మనిషి ఆకారం వచ్చింది. అంతకు మించి రాలేదు. వెనక నరం ఎప్పుడో దెబ్బతిన్నదని, ముందే వచ్చి ఉంటే వేరుగా ఉండేదని డాక్టరమ్మ చెప్పింది.

కారును అమ్మలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు; షూటింగులకని, హోటలు ముందర నిలబెట్టడానికని. ఆయన ఇవ్వలేదు, నేనూ ఇవ్వమనలేదు. ఉదయం కాఫీ అయ్యాక షెడ్డులోకి పోయి, కప్పు మడిచి, ఇంజను వేసి, అందులో కూర్చుంటారు. ఇంజను పాడవకుండా ఉండాలంటే ఆడుతూ ఉండాలి అంటారు. ఆ ఇంజను నిండుగా, మెత్తగా, తాతలు నిద్రలో తీసే గురక మాదిరి ఆడుతుంది. దారిన పోయేవాళ్ళు ఇప్పటికీ గేటు దగ్గర నిలబడి చూస్తారు.

ఆయన మాట తప్పే మనిషి కాదని నాకు తెలుసు. అయినా ఆ చప్పుడు మొదలవగానే వంటింట్లో నా చేతిలో గరిటె నిలిచిపోతుంది. స్టవ్ తగ్గించి, కొంగు చేతికి చుట్టుకుని, వెనక గుమ్మం దాకా పోయి చూస్తాను. గేటు మూసే ఉంటుంది. ఆయన ఆ పెద్ద స్టీరింగు వెనక, ఎదుట గోడను చూస్తూ కూర్చుని ఉంటారు.

"ఏంది చూస్తా ఉండావు?" అంటారు.

"ఏం లేదు" అంటాను. ఇంజను ఆరిపోయే దాకా అక్కడే నిలబడతాను.

కాఫీ అయిందా? గ్లాసు అక్కడ పెట్టండి, నేను తీస్తాను. మీ ఇంట్లోంచి బయటికి పోయే ప్రతి మనిషికీ రెండు పక్కలా దారి తేటగా కనబడాలి. మీ ఇంటి బండి ఏదైనా గానీ, దాని తొక్కు మొదటిసారే పట్టాలి. మీ వాళ్ళు దీపాల వేళకు ఇల్లు చేరి, చెప్పులు విడిచే చప్పుడు మీ చెవిన పడాలి. మీ గడపలో పెళ్ళి మేళం మోగాలి, అది నడుమ తెగకుండా మోగాలి. పిల్లాపాపలతో, కంటి వెలుగుతో, కడుపు నిండా అన్నంతో మీ ఇల్లు చల్లగా ఉండాలి. పోయి రండి.